ఇంట్లో విజ్ఞానం: నురగ వచ్చింది గాని మాడు పోలేదు



కిందటి నెల మన శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఒకటి నన్ను కుర్చీలోంచి లేపి, చెప్పులు తొడిగించి, మెట్రో రైలు ఎక్కించింది. మామూలుగా మీ ప్రశ్నలకు నేను ఈ పేజీలోనే జవాబు చెబుతాను. ఎవరి ఇంటికీ వెళ్ళను. ఈ ఒక్కసారి ఎందుకు వెళ్ళవలసి వచ్చిందో చెబుతాను, వినండి.

ఉత్తరం రాసింది హైదరాబాదు దిల్‌సుఖ్‌నగర్‌లో ఆరో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి. ఆ ఉత్తరంలో ఇలా ఉంది:

"మామయ్యా! మా అమ్మ ఇంట్లో కేకులు చేసి అమ్ముతుంది. మా ఓవెన్ లోపల అంతా నల్లగా మాడు కట్టింది. వేడెక్కగానే పొగ వస్తుంది. మొన్న ఎల్.బి. నగర్‌లో ఒకరింటికి పంపిన కేకు పొగవాసన కొడుతున్నదని వాళ్ళు తిప్పి పంపేశారు. అమ్మ ఏమీ అనలేదు గాని ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడు అమ్మ బజారుకు వెళ్ళినప్పుడు నేను ఓవెన్‌లో వంట సోడా చల్లి నిమ్మకాయ పిండాను. బుస్సుమని బోలెడు నురగ వచ్చింది. తుడిచి చూస్తే మాడు ఎక్కడిదక్కడే ఉన్నది. అంత నురగ వచ్చింది గదా, మాడు ఎందుకు పోలేదు? నాన్న సింకు గొట్టం పూడిపోతే వేసే పొడి తెచ్చారు. ఆదివారం అది వేసి చూస్తామంటున్నారు."

చదివారు గదా! ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న చక్కటి ప్రశ్న. కాని నన్ను లేపి నిలబెట్టింది ప్రశ్న కాదు, ఉత్తరంలోని చివరి రెండు వాక్యాలు.

సింకు గొట్టాలలో వేసే పొడులు చాలావాటిలో ఉండేది కాస్టిక్ సోడా. అది మహా కోపిష్ఠి. నీళ్ళు తగిలితే చాలు, కుతకుతమని వేడెక్కుతుంది. ఒంటిమీద పడితే చర్మాన్ని కాలుస్తుంది. కంట్లో పడితే చూపే పోవచ్చు. పైగా వంటింట్లో పెట్టుకునే చిన్న ఓవెన్లు చాలావాటికి లోపలి రేకు మీద సత్తు పూత ఉంటుంది. సత్తు అంటే మీ సైన్సు పుస్తకంలోని అల్యూమినియమే. కాస్టిక్ సోడా ఆ పూతను కొరుక్కు తింటుంది. తింటూ తింటూ ఉదజని వాయువును విడుస్తుంది. ఉదజని అంటుకుంటే భగ్గుమనే వాయువు. ఇంకా తమాషా ఏమిటంటే, ఇంత చేసినా మూలల్లో చిక్కుకున్న పొడి పూర్తిగా కడిగిపోదు. ఆ తరువాత ఆ ఓవెన్‌లోనే గదా కేకు పెట్టేది!

ఉత్తరంలో ఫోను నంబరు ఉంటే వెంటనే వాళ్ళ నాన్నగారితో మాట్లాడాను. "ఆ పొడి మూత తీయకండి, శనివారం సాయంత్రం నేనే వస్తాను" అన్నాను. ఆయన కొంచెం ఆశ్చర్యపోయి, "సరేనండి" అన్నారు.

శనివారం నాంపల్లిలో రైలెక్కాను. ఈ దారిలో ఎల్.బి. నగర్ దాకా మెట్రో నడవడం 2018 సెప్టెంబరులో మొదలైంది. మూసీ దాటి, మలక్‌పేట, ముసారాంబాగ్ మీదుగా పోతే దిల్‌సుఖ్‌నగర్ వస్తుంది. అక్కడినుంచి ఇంకో మూడు స్టేషన్లు పోతే ఎల్.బి. నగర్, అనగా లాల్ బహదూర్ నగర్. తిప్పి పంపిన ఆ కేకు ప్రయాణం చేసింది ఈ దారినే కాబోలు అనుకున్నాను. స్టేషన్ దిగి, పక్కన కిరాణా కొట్టులో ఒక పొట్లం వంట సోడా, ఒక పొట్లం బట్టల సోడా కొన్నాను. రెండూ తెల్లగానే ఉంటాయి, కాని ఒకటి కాదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీనితో మనకు పని ఉన్నది.

ఇంటికి వెళ్ళేసరికి అందరూ ఓవెన్ చుట్టూ కూర్చుని ఉన్నారు. ఆ అమ్మాయి, వాళ్ళ అమ్మ, నాన్న, నల్గొండ జిల్లాలోని ఊరినుంచి వచ్చి వాళ్ళతో ఉంటున్న నాయనమ్మ. "అన్నయ్యగారూ, దీన్ని ఎవరికైనా ఇచ్చేసి కొత్తది కొందామనుకుంటున్నాను" అన్నది ఆ తల్లి. ఓవెన్ తలుపు తీసి చూశాను. నిజమే, గోడలు నల్లగా, అద్దం తేనెరంగుగా, అడుగున బొగ్గు పెంకులూ ఉన్నాయి.

"ముందు నాకొక సంగతి చెప్పు. మీ ఇంట్లో దోసెల పెనం ఉన్నదా?" అని అమ్మాయిని అడిగాను.

ఉన్నది. ఇనప పెనం. నల్లగా నిగనిగలాడుతున్నది. నాయనమ్మ దాన్ని ఎవరినీ తోమనివ్వదట. తోమితే దోసె అతుక్కుంటుంది గదా!

"ఆ పెనం మీది నలుపూ, ఈ ఓవెన్‌లోని నలుపూ తోబుట్టువులు" అన్నాను. ఎవరూ నమ్మలేదు. మీరు కూడా నమ్మకపోవచ్చు. కాని అది నిజం.

నూనె గాని, వెన్న గాని, నెయ్యి గాని, అన్నీ చాలా చిన్న చిన్న అణువులతో అయినవే. అవి విడివిడిగా ఉన్నంతకాలం నూనె జారుతూ ఉంటుంది. దాన్ని పలచగా పూసి, గాలి తగిలేటట్లు బాగా వేడిచేస్తే, గాలిలోని ప్రాణవాయువు సాయంతో ఈ అణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుంటాయి. రెండు నాలుగవుతాయి, నాలుగు వందవుతాయి, చివరకు వలలాగా అల్లుకుపోతాయి. ఇక అది నూనె కాదు; ఒక రకమైన వార్నీషు. బొమ్మలు వేసేవారు రంగుల్లో అవిసె నూనె కలుపుతారు గదా, అది ఆరి గట్టిపడేది కూడా ఈ విధంగానే. పెనం మీద అది పలచగా, సమంగా పరుచుకుంటే మనకు మేలు. ఓవెన్‌లో అది చిందిన చోటల్లా చుక్కలు చుక్కలుగా, మందంగా, పైన పంచదార పాకంతోనూ పిండితోనూ కలిసి పేరుకుంటుంది. కేకు పెట్టినప్పుడల్లా ఆ పొర మళ్ళీ కాలి, పైభాగం బొగ్గు అవుతుంది, అడుగుభాగం పొగ కక్కుతుంది. ఆ పొగే కళ్ళు మండించేది.

కేకుకే ఆ వాసన ఎందుకు అంటిందంటారా? వెన్నకూ నూనెకూ వాసనలను పీల్చుకునే గుణం ఉన్నది. వెన్నగిన్నె మీద మూత లేకుండా ఫ్రిజ్‌లో ఉల్లిపాయ పక్కన పెట్టి చూడండి, తెలుస్తుంది. కేకులో వెన్న ఎక్కువ. ఓవెన్ ఇరుకు గది. పాపం, పొగ మధ్య అరగంటసేపు కూర్చున్న కేకు ఏం చేస్తుంది?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాము. నురగ వచ్చింది గదా, మాడు ఎందుకు పోలేదు?

వంట సోడా క్షారము. నిమ్మరసం ఆమ్లము. ఈ ఇద్దరికీ పడదు. ఒకచోట చేరాయంటే మరొకరి సంగతే పట్టించుకోకుండా వాటిలో అవే కలియబడతాయి. ఆ కలియబాటులో బొగ్గుపులుసు వాయువు పుట్టి, బుడగలు బుడగలుగా పైకి వస్తుంది. మీరు చూసిన నురగ అదే. చివరకు సోడా సోడాగా మిగలదు, నిమ్మరసం నిమ్మరసంగా మిగలదు. మిగిలేది ఒక రకమైన ఉప్పునీరు. ఆ రెండు నిమిషాలలో మాడును ముట్టుకున్నవారెవరు? ఎవరూ లేరు! ఇద్దరు కూలీలను పనికి పిలిచి, వాకిట్లోనే వాళ్ళకు తగవు పెట్టినట్లయింది. చూడడానికి సంబరంగానే ఉంటుంది. అందుకనే ఫోనులో ఇటువంటివి చూపించేవారు రెంటినీ కలిపి పోస్తారు. ఆ నురగ కాస్త మెత్తని మురికిని కదిలిస్తే కదిలించవచ్చు గాని, ఏళ్ళ తరబడి కాలిన జిడ్డును కదిలించలేదు.

మరి ఏమి చెయ్యాలి? సోడాను ఒంటరిగా వదలాలి. దానికి కావలసినంత వ్యవధి ఇవ్వాలి.

ఈ మాట అనగానే నాయనమ్మ నవ్వి, "గిది నాకెరికే బిడ్డా! మా ఊళ్ళె గిన్నెలన్నీ బూడిదతోనే తోమేటోళ్ళం. చాకలోళ్ళు బట్టలకు చౌడు మన్ను పెట్టి బానల ఉడకబెట్టేటోళ్ళు" అన్నది.

ఆమె బడికి వెళ్ళలేదు గాని నేను చెప్పబోయే పాఠమంతా ఆమె రెండు వాక్యాలలో చెప్పేసింది. కట్టెల బూడిదలో ఒక క్షారం ఉన్నది. చౌడు నేలల మీద తెల్లగా పొంగే పొడిలో బట్టల సోడాయే ఉంటుంది. క్షారానికీ జిడ్డుకూ కలిస్తే పుట్టేది సబ్బు. ఎక్కడో కర్మాగారంలోనే కాదు పిల్లలూ, జిడ్డుగిన్నెను బూడిదతో తోమిన ప్రతిసారీ ఆ గిన్నెలో రవ్వంత సబ్బు తయారయ్యేది.

ఈ రహస్యాన్ని విప్పినవాడు షెవ్రెల్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు. ఆయన ఒక సబ్బును పరీక్షించడంతో మొదలుపెట్టి, కొవ్వుల మీద ఏళ్ళ తరబడి పనిచేసి, 1823లో ఒక గొప్ప గ్రంథం ప్రచురించాడు. కొవ్వులో ఒక విధమైన ఆమ్లాలు దాగి ఉంటాయనీ, క్షారం వాటిని పట్టుకున్నప్పుడు సబ్బు అవుతుందనీ ఆయన చూపించాడు. అన్నట్టు, ఆయన 1786లో పుట్టి 1889 దాకా, అంటే 102 సంవత్సరాలు బతికాడు! జిడ్డుతో స్నేహం చేసినవాడికి ఆయుర్దాయం కూడా అంటిపెట్టుకుని ఉన్నది కాబోలు.

అయితే క్షారాలన్నీ ఒకే బలం గలవి కావు. వాటి బలాన్ని పి.హెచ్. అనే అంకెతో కొలుస్తారు. శుద్ధమైన నీటికి 7. వంట సోడా నీటికి సుమారు 8. బట్టల సోడా నీటికి సుమారు 11. కాస్టిక్ సోడాకు 14 దాకా పోతుంది. ఒక్కొక్క అంకె పెరిగితే బలం పది రెట్లు పెరిగినట్లు. అంటే 8కీ 11కీ మూడే తేడా అనుకోకూడదు. అది వెయ్యి రెట్లు! ఇంక సింకు పొడి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ లెక్క అమ్మాయి కాగితం మీద వేసి చూపించగానే వాళ్ళ నాన్నగారు నెమ్మదిగా లేచి వెళ్ళి, ఆ పొడి డబ్బాను పై అరలో పెట్టి వచ్చారు.

సరే, పని మొదలుపెట్టాము. మీ ఇంట్లో ఓవెన్ ఉంటే మీరూ చెయ్యవచ్చు, కాని పెద్దవాళ్ళు పక్కన ఉండాలి సుమా! మొట్టమొదట ప్లగ్గు ఊడదీయాలి. స్విచ్చి కట్టేస్తే చాలదు, ప్లగ్గు గోడనుంచి బయటికి రావాలి. ఓవెన్ పూర్తిగా చల్లారి ఉండాలి. లోపలి జల్లెడలు, పళ్ళెము, అడుగున రాలిన ముక్కలు పట్టే రేకు, అన్నీ పైకి తీశాము. అడుగునున్న బొగ్గు పెంకులను పొడిగుడ్డతోనే ఊడ్చాము. తడిపితే అవి బురద అయి కూచుంటాయి.

తరువాత అమ్మాయి అరకప్పు వంట సోడాలో మూడు నాలుగు చెంచాల నీళ్ళు పోసి, దోసెపిండికంటె గట్టిగా, చపాతీపిండికంటె జారుగా కలిపింది. ముందుగా లోపల ఒక మూల కాస్త రాసి పావుగంట చూశాము, రేకు రంగు మారుతుందేమోనని. మారలేదు. అప్పుడు గోడలకూ అడుగుకూ అద్దానికీ మందంగా పట్టించాము. పైనా కిందా ఉన్న వేడి కడ్డీలకు మాత్రం చుక్క కూడా తగలనివ్వలేదు. కడ్డీల కొనలు గోడలోకి వెళ్ళే చోట తడి చేరితే ప్రమాదం. కడ్డీలమీద అంటిన జిడ్డు వాటి వేడికి అదే కాలిపోతుంది, వాటిని మనం కెలకనక్కర్లేదు.

ఆ మాడును అట్లకాడతో గీకితే త్వరగా పోదా అని మీరు అడగవచ్చు. పోతుంది, దానితోపాటు పూతా పోతుంది. పూత పోయిన చోట తుప్పు పడుతుంది, తుప్పు గరుకుగా ఉంటుంది కనుక జిడ్డు అక్కడ ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. స్టీలు పీచు కూడా అంతే.

జల్లెడల సంగతి వేరు. అవి ఉక్కువి. ప్లాస్టిక్ తొట్టిలో వేణ్ణీళ్ళు పోసి, రెండు పెద్ద చెంచాల బట్టల సోడా కలిపి వాటిని రాత్రంతా నానవేశాము. ఈ పని వాళ్ళ నాన్నగారు రబ్బరు తొడుగులు వేసుకుని చేశారు. బట్టల సోడా పెద్దవాళ్ళ పని, మీ చేతులు దానిలో పెట్టకండి.

పళ్ళేన్ని కూడా అందులో పడేద్దామని అమ్మాయి తేబోతే గబుక్కున ఆపాను. ఎందుకంటే అది సత్తు పళ్ళెం, నాకు సత్తు పళ్ళెంతో ఒక పాత అనుభవం ఉన్నది. చిన్నతనంలో మా అమ్మను సంతోషపెడదామని, మాడిన సత్తు పళ్ళేన్ని వేడివేడి బట్టల సోడా నీళ్ళలో వేశాను. వేసిన నిమిషానికి దానినిండా సన్నటి బుడగలు లేచాయి. మాడు ఊడుతోంది గామాలనుకుని సంబరపడి, ఆడుకోవడానికి పోయాను. వచ్చి చూస్తే పళ్ళెమంతా మసిరంగుకు తిరిగి, చేతికి గరుకుగా తగిలింది. ఊడింది మాడు కాదు, సత్తే! ఆ పళ్ళెంలో మళ్ళీ మా అమ్మ ఏమీ చెయ్యలేదు. పాడుచేశావని ఒక్క మాట కూడా అనలేదు, అన్నా బాగుండేది. కనుక ఇడ్లీ రేకులు గాని, సత్తు మూతలు గాని, అతుక్కోని పూత పూసిన నల్లని పళ్ళేలు గాని ఆ నీళ్ళ దగ్గరికి రానివ్వకండి. వాటికి సబ్బూ మెత్తని పీచూ చాలు.

సాయంత్రం ఆరుగంటలకు ఓవెన్ తలుపు వేసి అందరం లేచాము. "ఇంతేనా?" అన్నది అమ్మాయి నిరుత్సాహంగా. నిన్నటిలాగా బుస్సుమనే నురగ లేదు, చప్పుడు లేదు. తెల్లగా సున్నం కొట్టిన గదిలాగా ఊరుకున్నది ఓవెన్. "రేపు పొద్దున్న ఆరింటికి చూడు" అన్నాను. ఆ రాత్రి ఆమె నిద్ర మధ్యలో రెండుసార్లు లేచి తలుపు తీసి చూసిందని నాయనమ్మ తరువాత చెప్పింది.

ఆదివారం పొద్దున నేను మళ్ళీ వెళ్ళేసరికి నాకోసం ఆగకుండా తుడవడం ప్రారంభించేశారు. తెల్లని పూత రాత్రికి రాత్రి గోధుమరంగుకు తిరిగింది. ఆ రంగే మంచి శకునం. లోపలి జిడ్డు సోడాలోకి దిగిందన్నమాట. తడిగుడ్డతో తుడుస్తూంటే పూతతోపాటు మాడు పొరలు పొరలుగా లేచి వచ్చింది. క్షారం జిడ్డు పొర అడుగును కొంచెం కొంచెంగా సబ్బుగా మార్చి పట్టు సడలించింది. పైనున్న బొగ్గుకు నిలబడడానికి ఆధారం లేక ఊడిపోయింది. సోడా పలుకులు కూడా సన్నని ఇసుకలాగా రుద్దడానికి సాయపడ్డాయి, గీతలు మాత్రం పడనివ్వలేదు. ఒక్కసారితో అంతా పోయిందని చెబితే అబద్ధమవుతుంది. వెనక గోడమీద అరచేతంత మచ్చ మిగిలింది. దానికి ఇంకొకసారి పూత పెట్టి మధ్యాహ్నం దాకా ఆగవలసి వచ్చింది.

అద్దం దగ్గర ఒక చిక్కు వచ్చింది. జిడ్డు పోయింది గాని తెల్లటి చారలు మిగిలాయి. ఎంత తుడిచినా మళ్ళీ వస్తాయి. తుడిచిన గుడ్డను ఏ నీళ్ళలో ముంచారని అడిగాను. బోరు నీళ్ళు. ఆ ప్రాంతంలో రెండు రకాల నీళ్ళు వాడతారు. నాగార్జునసాగర్ వైపునుంచి గొట్టాలలో వచ్చే కృష్ణ నీళ్ళు ఒకటి, ఇంటి బోరు నీళ్ళు ఒకటి. బోరు నీటిలో భూమిలోని సున్నపు లవణాలు కరిగి ఉంటాయి. అందువల్లనే ఆ నీటిలో సబ్బు సరిగా నురగదు, తెల్లటి తరకలు కడుతుంది. అద్దం మీద ఆరిన చారలు ఆ సున్నానివే.

"ఇప్పుడు తే నీ నిమ్మకాయ!" అన్నాను.

అమ్మాయి ముఖం చూడవలసింది! సున్నానికి ఆమ్లమే మందు. నిమ్మచెక్కతో రుద్ది, కృష్ణ నీళ్ళలో ముంచిన గుడ్డతో తుడవగానే అద్దం మెరిసింది. అంటే నిమ్మకాయ తప్పు కాదు, దాన్ని పిలిచిన వేళ తప్పు. జిడ్డుకు క్షారము, సున్నానికీ, రాగి ఇత్తడి సామాన్ల కిలుముకూ ఆమ్లము. నాయనమ్మ జిడ్డుగిన్నెలను బూడిదతోనూ, ఇత్తడి బిందెను చింతపండుతోనూ తోమేది ఇందుకే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. సోడా, నిమ్మకాయ కలిస్తే పని చెడుతుందేగాని ప్రమాదం లేదు. కాని బట్టలను తెల్లబరిచే బ్లీచింగు నీళ్ళనూ, స్నానాలగదులు కడిగే ఆమ్లాలనూ ఎన్నడూ ఒకచోట కలపకూడదు. వాటినుంచి క్లోరిన్ అనే విషవాయువు వస్తుంది. బ్లీచింగులో నిమ్మరసం, వెనిగర్ కూడా పొయ్యకూడదు. ఇది మీకే కాదు, ఈ పేజీ చదివే మీ అమ్మానాన్నలకు కూడా.

జల్లెడలు నీళ్ళలోంచి తీస్తే గుడ్డతో తుడవగానే జిడ్డు జారిపోయింది. అన్నీ ఆరబెట్టి, ఓవెన్ తలుపు తెరిచి రెండు గంటలు గాలికి వదిలి, అప్పుడు ప్లగ్గు పెట్టాము. వంటింటి కిటికీ తెరిచి, ఉత్త ఓవెన్‌ను 150 డిగ్రీల దగ్గర పావుగంట కాగనిచ్చాము. అందరం ముక్కులు ఎగబీలుస్తూ నిలబడ్డాము. కాస్త వేడిరేకు వాసన తప్ప పొగ లేదు.

ఆ పావుగంటలో వాళ్ళ నాన్నగారు మంచి ప్రశ్న వేశారు. "ఇరానీ హోటళ్ళ బేకరీలలో పెద్ద పెద్ద కట్టెల భట్టీలు ఉంటాయి గదండీ, ఉస్మానియా బిస్కట్లు కాల్చేవి. వాటిని ఎవరూ సోడాతో కడగరే?"

కడగనక్కర్లేదు. కట్టెలు రాజేసినప్పుడు భట్టీ పైకప్పు మొదట మసిబారుతుంది. మంట బాగా పట్టి ఇటుకలు కాగిన తరువాత ఆ మసి కూడా కాలిపోయి పైకప్పు మళ్ళీ తెల్లబడుతుంది. భట్టీ కాగిందనడానికి అది ఒక గుర్తు. ఆ వేడిలో జిడ్డు మాత్రం ఎక్కడ నిలుస్తుంది? బూడిద ఊడ్చి, కర్రకు కట్టిన తడిగోనెతో నేల తుడిస్తే సరి. ఇదే ఉపాయంతో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీవారు 1963లో తనను తానే శుభ్రం చేసుకునే ఓవెన్‌ను అమ్మకానికి తెచ్చారు. అది సుమారు 480 డిగ్రీల దాకా కాగి, లోపలి జిడ్డును బూడిద చేసేస్తుంది. అంతసేపూ తలుపు దానంతటదే తాళం పడి ఉంటుంది. మన ఇళ్ళలోని చిన్న ఓవెన్లు 250 డిగ్రీలు దాటవు; వాటిని ఎక్కువ కాగబెట్టి మాడు కాల్చేద్దామనుకుంటే ఇల్లంతా పొగే మిగులుతుంది. మైక్రోవేవ్ ఓవెన్ అయితే పని ఇంకా సులువు. అందులో జిడ్డు మాడదు, ఆరిపోతుందంతే. గిన్నెడు నీళ్ళలో నాలుగు నిమ్మచెక్కలూ ఒక చెక్కచెంచా వేసి పెద్దవాళ్ళచేత మూడు నిమిషాలు వేడిచేయించండి. కాసేపు తలుపు తీయకుండా ఆవిరికి నాననిచ్చి, గుడ్డతో తుడిస్తే వచ్చేస్తుంది.

సాయంత్రం ఆ తల్లి మొదటి కేకు పెట్టింది. ఆ కేకు ఎవరూ అడిగినది కాదు. ఎల్.బి. నగర్‌లో కేకు తిప్పి పంపినవారికి డబ్బు తీసుకోకుండా ఇద్దామని ఆవిడ అనుకున్నదట. "వద్దని మళ్ళీ తిప్పి పంపితేనో?" అన్నది అమ్మాయి. "పంపితే మనమే తిందాం" అన్నది తల్లి. తండ్రీ కూతుళ్ళు దాన్ని డబ్బాలో పెట్టుకుని మెట్రోలో వెళ్ళారు. మంగళవారం నాడు నాకు ఫోను వచ్చింది. డబ్బా తిరిగి వచ్చిందట. గుండె గుబేలుమన్నది. మూత తీసి చూస్తే అందులో కేకు లేదు, సకినాలు ఉన్నాయి. ఇంకొకరి డబ్బాను ఖాళీగా పంపడం మనలో లేదు గదా!

కేకు అయిన తరువాత ఓవెన్ ఇంకా వేడిగానే ఉన్నది కనుక మేము ఇంకో ప్రయోగం చేశాము. మీకు నచ్చుతుందని చెబుతున్నాను. కేకులకు సామాన్లు తూచే చిన్న త్రాసు వాళ్ళింట్లో ఉన్నది. దానిమీద సరిగ్గా 100 గ్రాముల వంట సోడా తూచి, స్టీలు పళ్ళెంలో పలచగా పరిచి, 200 డిగ్రీల దగ్గర ఒక గంట ఉంచాము. చల్లారాక తూస్తే 65 గ్రాములే ఉన్నది. చూడడానికి ఏమీ మారలేదు, తెల్లటి పొడి తెల్లగానే ఉన్నది. "ఎవరు తిన్నారు?" అన్నది నాయనమ్మ. మళ్ళీ అరగంట పెట్టి తూశాము. 63 గ్రాములు. ఇంకా పెట్టినా 63 దగ్గరే నిలిచింది.

పోయిన 37 గ్రాములూ ఎక్కడికీ పోలేదు. నీటి ఆవిరిగానూ, బొగ్గుపులుసు వాయువుగానూ గాలిలో కలిశాయి. కేకును పొంగించేది కూడా ఆ బొగ్గుపులుసు వాయువే. మిగిలిన 63 గ్రాములు వంట సోడా కాదు, బట్టల సోడా! కొట్లో నేను కొన్న రెండో పొట్లం అక్కర్లేకపోయింది. జల్లెడలు నానవేయడానికి కావలసిన మందును ఇకమీదట ఆ ఓవెన్ తనకు తానే తయారుచేసుకోగలదు. ఈ ప్రయోగాన్ని పెద్దవాళ్ళతో కలిసి చేసి, మీకు ఎన్ని గ్రాములు మిగిలిందో నాకు రాయండి.

అమ్మాయి ఆ పొడిని ఒక సీసాలో పోసి, "బట్టల సోడా. కేకులో వెయ్యరాదు" అని కాగితం మీద రాసి అంటించింది. వంట సోడా సీసా పక్కనే పెట్టబోతూంటే నాయనమ్మ, "నాకు చదువు రాదు గదనే, నేను పకోడీలల్ల వేస్తే?" అన్నది. అందరమూ ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాము. తరువాత ఆ అమ్మాయి సీసాను తీసుకుపోయి, వంటింట్లో కాకుండా బట్టలు ఉతికేచోట, సబ్బుల అరలో పెట్టి వచ్చింది.